పాఠశాలలో మానవ హక్కులు, ప్రజాస్వామిక పౌరసత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

మానవ హక్కులను, ప్రజాస్వామిక పౌరసత్వాన్ని బోధించడానికి సిద్ధమవుతున్న ఉపాధ్యాయులు, వారికి సహకరించవలసిన ప్రధానోపాధ్యాయులు, వారిని సందేహంతో చూసే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. కొన్నింటికి నాలుగు వాక్యాలు సరిపోయాయి, కొన్నింటికి సరిపోలేదు.

పౌరశాస్త్రం పాఠాలు ఉండగా మానవ హక్కుల విద్య వేరుగా ఎందుకు?

పౌరశాస్త్రం ప్రధానంగా ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెబుతుంది. చట్టాలు ఎవరు చేస్తారు, ఎన్నికలు ఎలా జరుగుతాయి, న్యాయస్థానాల అంచెలు ఎన్ని అన్నవి విద్యార్థికి తెలియవలసినవే. అయితే వీటన్నింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగల విద్యార్థి, తన పక్క బెంచీలోని పిల్లను మిగిలినవారు రోజూ ఏడిపిస్తుంటే అది తనకు సంబంధించిన విషయం కాదనుకోవచ్చు. హక్కుల విద్య పూడ్చవలసినది ఈ ఖాళీనే.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2011 డిసెంబర్ 19న ఆమోదించిన మానవ హక్కుల విద్య, శిక్షణల ప్రకటన ఈ విద్యలో మూడు పార్శ్వాలను గుర్తించింది. మొదటిది, హక్కుల గురించి తెలుసుకోవడం. రెండోది, బోధించేవారి హక్కులనూ నేర్చుకునేవారి హక్కులనూ గౌరవించే పద్ధతిలోనే బోధన జరగడం. మూడోది, తన హక్కులను వినియోగించుకుంటూ ఇతరుల హక్కులను నిలబెట్టే శక్తి విద్యార్థికి అలవడడం. మొదటిది పుస్తకాల్లో దొరుకుతుంది, మూడోది ఏళ్ళ మీద వస్తుంది. రెండోది మాత్రం ఈ రోజే, ఈ తరగతి గదిలోనే ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది కనుక ఈ సమాధానాలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

మానవ హక్కుల విద్య, ప్రజాస్వామిక పౌరసత్వ విద్య ఒకటేనా?

రెండూ చాలావరకు కలిసే నడుస్తాయి. ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ అయిన ఐరోపా మండలి 2010లో ఆమోదించిన అధికార పత్రం కూడా రెండింటినీ ఒకే పత్రంలో చేర్చింది. సమాజ వ్యవహారాల్లో పాలుపంచుకోవడం, వాదించడం, ఓటు వేయడం, ప్రశ్నించడం వంటివి పౌరసత్వ విద్యలో ముందుకు వస్తాయి. మనిషిగా పుట్టిన ప్రతి ఒక్కరికీ ఉండే హక్కులు మానవ హక్కుల విద్యలో ముందుకు వస్తాయి. తేడా ఒక చోట మాత్రం బాగా తెలుస్తుంది. తరగతిలో ఒక శరణార్థి బిడ్డ ఉంటే ఆ బిడ్డకు ఆ దేశ పౌరసత్వం ఉండకపోవచ్చు, కానీ మానవ హక్కులు ఉంటాయి. అందువల్ల 'మన దేశ పౌరులుగా' అంటూ మొదలుపెట్టే పాఠం ఎవరిని బయట నిలబెడుతున్నదో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఏ వయసు నుంచి ప్రారంభించాలి?

బడిలో చేరిన రోజు నుంచే ప్రారంభించవచ్చు. ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణ, తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఉందని చెబుతూ, దానికి కనీస వయసు ఏదీ పెట్టలేదు. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ ఆ హక్కు ఉంటుంది; ఆ అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలన్నది వయసును, పరిణతిని బట్టి ఉంటుంది.

ఆరేడేళ్ళ పిల్లలకు అధికరణల సంఖ్యలు అవసరం లేదు. వంతులవారీగా ఆడుకోవడం, తన శరీరాన్ని ఎవరైనా తాకితే 'వద్దు' అని చెప్పగలగడం, జరిగినదాన్ని ఇద్దరి నోటా విన్న తరువాతే తీర్పు చెప్పడం వంటివే వారికి హక్కుల పాఠాలు. అన్యాయాన్ని పసిగట్టడంలో ఆ వయసు పిల్లలు పెద్దలకు ఏమాత్రం తీసిపోరు. వారికి నేర్పవలసినది తనకు జరిగిన అన్యాయం మీద వచ్చే కోపం ఎదుటివారికి జరిగిన అన్యాయం మీద కూడా రావాలన్న సంగతి. తొమ్మిది, పదేళ్ళ పిల్లలు తరగతి నియమాలను తామే రాసుకోగలరు. పన్నెండు దాటిన తరువాత రెండు హక్కులు ఒకదానితో ఒకటి ఢీకొనే సందర్భాలను, ఉదాహరణకు ఒకరి వాక్స్వాతంత్ర్యాన్నీ మరొకరి గౌరవాన్నీ, చర్చకు పెట్టవచ్చు. న్యాయస్థానాల తీర్పులు, అంతర్జాతీయ ఒప్పందాలు ఉన్నత తరగతుల విద్యార్థులకు తగినవి.

హక్కుల గురించి చెబితే క్రమశిక్షణ చెడిపోదా?

అన్నింటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. దీనిని కొట్టిపారేయడం సరికాదు. హక్కుల పాఠాలు మొదలైన కొత్తలో తరగతిలో వాదనలు పెరుగుతాయి. 'ఇది నా హక్కు' అన్న మాట చోటు కాని చోట కూడా వినిపిస్తుంది. అలా వినిపించిన ప్రతిసారీ అది ఏ హక్కు, ఎవరి పట్ల, దానికి హద్దు ఏమిటి అని అడిగి చెప్పించడమే సరైన జవాబు. కొద్ది రోజులకే విద్యార్థులు ఆ మాటను ఆచి తూచి వాడడం నేర్చుకుంటారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఒక సందర్భాన్ని ఊహించండి. ఉదయం పీరియడ్‌లో ఉపాధ్యాయుడు ఐక్యరాజ్యసమితి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలోని 11వ అధికరణను చెప్పారు: నేరం రుజువయ్యేవరకు ప్రతి వ్యక్తినీ నిరపరాధిగానే చూడాలి. 12వ అధికరణనూ చెప్పారు: ఎవరి ఆంతరంగిక జీవితంలోనూ అకారణంగా జోక్యం చేసుకోకూడదు. మధ్యాహ్నం తరగతిలో ఒకరి డబ్బు పోయింది. అదే ఉపాధ్యాయుడు నలభై మందినీ నిలబెట్టి, అందరి సంచులనూ అందరి ముందూ బోర్లించారు. ఆ రోజు విద్యార్థులు నేర్చుకున్నది ఉదయపు పాఠాన్ని కాదు. హక్కులు పరీక్షలో రాయడానికి మాత్రమే పనికివస్తాయని, అధికారం ఉన్నవారికి అవి వర్తించవని నేర్చుకున్నారు. ఇంతకంటే ఆ పాఠం చెప్పకపోవడమే నయం.

ఆ డబ్బు విషయంలో ఏం చేసి ఉండవలసింది? డబ్బు పోయిన విద్యార్థితో ముందుగా విడిగా మాట్లాడి, నిజంగా ఎక్కడైనా పెట్టి మరిచిపోయారేమో చూడవచ్చు. తీసుకున్నవారు ఎవరికీ తెలియకుండా తిరిగి పెట్టే అవకాశం ఇవ్వవచ్చు. ఎవరి మీదనైనా అనుమానానికి తగిన ఆధారం ఉంటే వారిని ఒంటరిగా పిలిచి, వారి మాట పూర్తిగా విని, అవసరమైతే తల్లిదండ్రుల సమక్షంలో చూడవచ్చు. ఇవేవీ ఫలించక డబ్బు దొరకకపోవచ్చు కూడా. నలభై మందిని దొంగలుగా చూసినా దొరుకుతుందన్న హామీ లేదు.

బాలల హక్కుల ఒడంబడికలోని 28వ అధికరణ పాఠశాల క్రమశిక్షణ బిడ్డ మానవ గౌరవానికి అనుగుణంగా ఉండాలంటుంది. అది క్రమశిక్షణ వద్దనడం లేదు. నియమాలు ముందుగా అందరికీ తెలిసి ఉండాలి, ఒకరి తప్పుకు తరగతి మొత్తాన్ని శిక్షించకూడదు, శిక్ష తప్పుకు తగినట్టుగా ఉండాలి, శిక్షించే ముందు చెప్పుకోనివ్వాలి, దెబ్బలకు, అవమానానికి చోటుండకూడదు. వార్సాలో 1912లో ప్రారంభమైన అనాథాశ్రమంలో వైద్యుడు, విద్యావేత్త యానుష్ కొర్చాక్ ఇంకా ముందుకు వెళ్ళి, పిల్లలే న్యాయమూర్తులుగా ఒక న్యాయస్థానాన్ని నడిపించారు. అక్కడ పిల్లలు పెద్దల మీద, కొర్చాక్ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు; చేశారు కూడా. ఆ న్యాయస్థానపు నియమావళిలో ఎక్కువ భాగం శిక్షలకు కాక, క్షమించడానికి సంబంధించినదే. ప్రతి పాఠశాలా అంతవరకు వెళ్ళనక్కరలేదు గాని, ఉపాధ్యాయుల మీద ఫిర్యాదు చేసే దారి ఒకటైనా ఉండాలి.

హక్కుల కంటే ముందు బాధ్యతలు నేర్పాలి కదా?

రెండూ కలిపి నేర్పాలి, కానీ ఒకదానికి మరొకటి మూల్యం అన్నట్టుగా నేర్పకూడదు. ప్రతి వ్యక్తికీ సమాజం పట్ల బాధ్యతలు ఉన్నాయని సార్వత్రిక ప్రకటనలోని 29వ అధికరణ స్పష్టంగానే చెబుతుంది. బాధ్యత నెరవేర్చినవారికే హక్కులు ఉంటాయని మాత్రం ఎక్కడా చెప్పదు. హోంవర్క్ చేయని విద్యార్థికి పని ఎక్కువ ఇవ్వవచ్చు, తల్లిదండ్రులతో మాట్లాడవచ్చు. మూత్రవిసర్జనకు వెళ్ళనివ్వకపోవడం, భోజన విరామం లేకుండా చేయడం ఆ తప్పుకు శిక్షలు కాలేవు. ఒకరి హక్కు ఎదుటివారికి బాధ్యత అవుతుందన్న కోణం నుంచి చెబితే పిల్లలకు ఈ సంబంధం తేలికగా బోధపడుతుంది.

ఇవన్నీ పాశ్చాత్య భావాలు కావా?

సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనను పారిస్‌లో సమావేశమైన సర్వప్రతినిధి సభ 1948 డిసెంబర్ 10న ఆమోదించింది. 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, ఎనిమిది దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఎవరూ ఓటు వేయలేదు. రచనకు సారథ్యం వహించిన ఎలినార్ రూజ్వెల్ట్ అమెరికా నుంచి వచ్చినవారే అయినా, ఆ పనిలో చైనాకు చెందిన పి.సి. చాంగ్, లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్, చిలీకి చెందిన హెర్నాన్ సాంటా క్రూజ్, భారతదేశానికి చెందిన హంసా మెహతా గట్టిగా పాల్గొన్నారు.

అభ్యంతరంలో నిజం లేకపోలేదు. ఆనాటికి ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ అనేక ప్రజలు ఇంకా వలస పాలనలోనే ఉన్నారు. ఆ ఓటింగ్‌లో వారికి స్థానం లేదు. మానవులందరూ సమానమన్న పత్రానికి చేతులెత్తిన దేశాల్లో వలసలను ఏలుతున్నవీ ఉన్నాయి. ఓటింగ్‌కు దూరంగా ఉన్నవాటిలో జాతి వివక్షను చట్టంగా మార్చుకుంటున్న దక్షిణాఫ్రికా ఒకటి. ఈ విషయాలను దాచకుండా విద్యార్థుల ముందు పెట్టి, ఏ దేశం ఎందుకు ఆ వైఖరి తీసుకుని ఉంటుందో వారినే ఆలోచించమనండి. ప్రకటనను పూజా వస్తువుగా కాక, మనుషులు వాదించుకుని రాసుకున్న పత్రంగా చూసినప్పుడే వారికి దాని మీద నమ్మకం కుదురుతుంది.

వివాదాస్పద విషయాలను తరగతిలో చర్చించవచ్చా? ఉపాధ్యాయులు తమ అభిప్రాయం చెప్పవచ్చా?

చర్చించాలి. వివాదాలన్నింటినీ వదిలేస్తే ప్రజాస్వామ్యంలో చర్చకు మిగిలేది చాలా తక్కువ. ఈ విషయంలో ఇప్పటికీ అక్కరకు వచ్చే ఆలోచన ఒకటి 1976లో పశ్చిమ జర్మనీలోని బాయిటెల్స్‌బాఖ్ అనే చోట రూపుదిద్దుకుంది. భిన్న రాజకీయ వైఖరులున్న విద్యావేత్తలు అక్కడ సమావేశమైనప్పుడు మూడు సూత్రాల మీద ఏకాభిప్రాయం కనిపించింది. విద్యార్థుల మీద ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని రుద్దకూడదు. సమాజంలో, పండితుల్లో వివాదం ఉన్న విషయాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపించాలి. విద్యార్థి తన స్థితిగతులను, ప్రయోజనాలను తానే విశ్లేషించుకుని, వాటికోసం ప్రయత్నించగలిగేలా చేయాలి.

రెండో సూత్రాన్ని తరచుగా తప్పుగా అర్థం చేసుకుంటారు. ప్రతి విషయానికీ రెండు పక్షాలు ఉన్నట్టు నటించమని దాని భావం కాదు. పన్నుల విధానం ఎలా ఉండాలి, ఓటు హక్కు ఏ వయసులో రావాలి అన్నవి నిజంగా వివాదాలు. తరగతిలో కూర్చున్న ఒక విద్యార్థి మిగిలినవారితో సమానమా కాదా అన్నది వివాదం కాదు. దాన్ని చర్చకు పెడితే ఆ విద్యార్థి తన మనిషితనాన్ని నిరూపించుకోవలసిన బోనులో నిలబడవలసి వస్తుంది. రుజువైన వాస్తవాలూ ఓటింగ్‌కు పెట్టేవి కావు.

ఉపాధ్యాయులు అభిప్రాయం చెప్పడం గురించి అందరూ ఒక మాట మీద లేరు. నా మట్టుకు, చర్చ ముగిశాక, విద్యార్థులు అడిగితే, ఇది నా అభిప్రాయం మాత్రమేనని, దీనితో విభేదించేవారి వాదన ఇదీ అని చెప్పి, మార్కులతో దానికి సంబంధం లేదని వారు నమ్మగల వాతావరణం ఉన్నప్పుడు చెప్పడంలో తప్పు లేదనిపిస్తుంది. చర్చ మొదట్లోనే చెబితే మాత్రం తరగతిలో సగం మంది అటు మొగ్గి, మిగిలిన సగం మౌనం వహిస్తారు.

చర్చకు ముందు ప్రతి విద్యార్థీ తన ఆలోచనను రెండు మూడు వాక్యాల్లో రాసుకుంటే, గొంతు పెద్దదైనవారి వెనుక మిగిలినవారు నడిచిపోవడం తగ్గుతుంది. తనకు ఇష్టం లేని పక్షాన వాదించమని అప్పుడప్పుడు అడగడం కూడా పనికివస్తుంది. ఒక మతానికో వర్గానికో చెందిన విద్యార్థిని 'మీవాళ్ళు ఏమనుకుంటారు?' అని అడగడం మాత్రం ఎంత సదుద్దేశంతోనైనా చేయకూడని పని.

విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరిపిస్తే చాలదా?

ఎన్నికైనవారికి నిర్ణయించే అధికారం ఏమిటన్న దాని మీద అది ఆధారపడి ఉంటుంది. చాలా చోట్ల ఎన్నికైన నాయకులకు అప్పగించేది వరుసలను నిశ్శబ్దంగా నిలబెట్టడం, నోటు పుస్తకాలు పోగుచేయడం, అల్లరి చేసినవారి పేర్లు బోర్డు మీద రాయడం. అది ప్రాతినిధ్యం కాదు, ఉపాధ్యాయుల పనికి సహాయం. పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణిస్తూ 1992లో రోజర్ హార్ట్ యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసం కింది మూడు మెట్లను భాగస్వామ్యంగానే లెక్కించలేదు: పెద్దలు తమ పనికి పిల్లలను వాడుకోవడం, వేదిక మీద అలంకారంగా నిలబెట్టడం, అభిప్రాయం అడిగినట్టు చేసి పట్టించుకోకపోవడం. వార్షికోత్సవ వేదికల మీద కనిపించే పిల్లల భాగస్వామ్యం చాలావరకు ఈ మూడింటిలోనే ఇమిడిపోతుంది.

కొద్దిపాటి అధికారమే అయినా అది నిజమైనదిగా ఉండాలి. గ్రంథాలయం వేళలు, ఆట సామగ్రి పంపకం, మరుగుదొడ్ల నిర్వహణ మీద పర్యవేక్షణ, యూనిట్ పరీక్షల మధ్య విరామం వంటి విషయాలను సంఘానికి అప్పగించవచ్చు. ఒక చిన్న మొత్తాన్ని ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించనివ్వవచ్చు. సంఘం ఇచ్చిన ప్రతి విజ్ఞప్తికీ నిర్ణీత గడువులో రాతపూర్వకంగా జవాబు రావాలి. జవాబు 'కుదరదు' అన్నా పరవాలేదు, ఎందుకు కుదరదో చెప్పాలి. కారణం అడగడం, కారణం చెప్పడం అనే ఈ అలవాటు ఎన్నిక కంటే విలువైనది.

ఎన్నిక తీరును కూడా చూసుకోవాలి. మార్కులు ఎక్కువ వచ్చినవారే పోటీ చేయాలన్న నియమం, నాయకుడి పదవి అబ్బాయికి, ఉపనాయకురాలి పదవి అమ్మాయికి అన్న ఆనవాయితీ, చేతులెత్తించి ఓట్లు లెక్కించడం - ఈ మూడూ పాఠంలో చెప్పినదానికి విరుద్ధమైనవే. కాగితపు చీటీలూ ఒక మూసిన పెట్టే ఉంటే రహస్య ఓటింగ్‌కు సరిపోతుంది.

మెజారిటీ చెప్పిందే ప్రజాస్వామ్యం కదా?

విహారయాత్రకు కొండ మీదికి వెళ్ళాలని తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఓటు వేశారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు చక్రాల కుర్చీలో తిరిగే విద్యార్థి, మరొకరు ఆమె స్నేహితురాలు. ఓట్ల లెక్కతో ఈ ప్రశ్న తేలిపోయిందా అని అడిగి చూడండి. పిల్లలే చాలాదూరం వెళతారు.

పెద్ద తరగతులకు చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. జాతీయ పతాకానికి వందనం చేయడం తమ మతవిశ్వాసానికి విరుద్ధమన్న యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలను పాఠశాల బహిష్కరించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1940లో ఎనిమిది - ఒకటి తేడాతో తీర్పు చెప్పింది. మూడేళ్ళకే, 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, అదే కోర్టు ఆరు - మూడు తేడాతో ఆ వైఖరిని మార్చుకుని, అలాంటి వందనానికి విద్యార్థులను బలవంతం చేయకూడదన్నది. దేశభక్తి పరవళ్ళు తొక్కుతున్న కాలంలో, ప్రజల్లో ఎక్కువమందికి రుచించని కొద్దిమంది పిల్లల పక్షాన ఆ తీర్పు వచ్చింది. రెండు తీర్పుల సారాంశాన్నీ పక్కపక్కన పెట్టి చదివిస్తే, కొన్ని హక్కులను ఎన్నికల ఫలితాలకు అందనంత దూరంలో ఎందుకు ఉంచుతారన్నది వివరించనవసరం లేకుండానే తెలుస్తుంది.

వివక్షను అనుభవపూర్వకంగా తెలియజేయడానికి నాటకాలు, ఆటలు వాడవచ్చా?

వాడవచ్చు, జాగ్రత్తగా. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, 1968 ఏప్రిల్‌లో, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జేన్ ఎలియట్ అనే ఉపాధ్యాయురాలు మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసి, ఒక రోజు ఒక గుంపును, మరో రోజు మరో గుంపును తక్కువగా చూసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. చిన్న పిల్లలను వారి అంగీకారం లేకుండా అవమానానికి గురిచేయడం తగునా అన్న విమర్శ నాటి నుంచి నేటివరకు ఉంది, నా దృష్టిలో అది సరైన విమర్శే. ముఖ్యంగా, నిజ జీవితంలో వివక్షను ఇప్పటికే అనుభవిస్తున్న విద్యార్థికి దాన్ని తరగతిలో మరోసారి అనుభవింపజేయవలసిన అవసరం ఏమీ లేదు. బాధితుడి పాత్ర కంటే, చూస్తూ నిలబడినవారి పాత్రను పోషింపజేసి, 'మీరు ఎక్కడ అడ్డుకోగలిగేవారు?' అని అడగడం ఎక్కువ నేర్పుతుంది.

పాఠం మధ్యలో ఒక విద్యార్థి తనకే అన్యాయం జరుగుతున్నదని చెబితే?

ఈ పాఠాలు బాగా సాగితే ఇది తప్పక జరుగుతుంది, కనుక ముందే సిద్ధంగా ఉండాలి. ఇంట్లో దెబ్బలు, లైంగిక వేధింపు, పనిలో పెట్టడం, పెళ్ళి ఒత్తిడి వంటివి ఏవైనా బయటికి రావచ్చు. అందరి ముందు చెప్పడం మొదలుపెడితే మృదువుగా ఆపి, తరగతి కాగానే విడిగా వినాలి. మధ్యలో ప్రశ్నలతో ఆపకుండా, అనుమానించకుండా వినాలి. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు. బిడ్డ రక్షణ కోసం చెప్పవలసినవారికి చెబుతానని, ఎవరికి చెబుతారో కూడా తెలియజేయాలి. విన్నది విన్నట్టుగా వెంటనే రాసుకుని, పాఠశాలలో బాలల రక్షణ బాధ్యత ఉన్నవారికీ చట్టం సూచించిన అధికారులకూ అందజేయాలి. ఉపాధ్యాయులే విచారణ చేయబోవడం, నిందితుడిని పిలిచి మాట్లాడడం బిడ్డకు ప్రమాదం తెస్తాయి. కంచే చేను మేసిన సందర్భంలో, అంటే నిందితుడు పాఠశాల సిబ్బందిలోనే ఉన్నప్పుడు, పాఠశాల పరువు గురించిన ఆలోచన మొట్టమొదట పక్కన పెట్టవలసినది.

గణితం, సైన్స్ బోధించేవారికి దీనితో పని ఏమిటి?

జనాభా పంపకాన్ని బట్టి నియోజకవర్గాల హద్దులు గీయడం గణితమే. శుభ్రమైన నీటి పాఠంలో ఆ నీరు ఎవరికి అందుతున్నదన్న ప్రశ్న సైన్స్ పాఠాన్ని ఏమీ చెడగొట్టదు. అయినా ప్రతి పాఠంలోనూ హక్కులను బలవంతంగా ఇరికించనక్కరలేదు. తెలివైనవారినే పదేపదే లేపకుండా అందరికీ అవకాశం ఇవ్వడం, తప్పు జవాబును చూసి ఎవరూ నవ్వకుండా చూడడం - గణితం తరగతిలో హక్కుల విద్య ప్రధానంగా ఇంతే.

ఆన్‌లైన్ జీవితానికి ఈ హక్కులు వర్తిస్తాయా?

వర్తిస్తాయి. బాలల హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2021లో వెలువరించిన 25వ సాధారణ వ్యాఖ్య (ఒడంబడికకు ఆ కమిటీ ఇచ్చే వివరణ) పూర్తిగా డిజిటల్ వాతావరణం గురించినదే. గ్రూపులో ఒకరిని వెక్కిరించే బొమ్మ తిరిగినప్పుడు దాన్ని ముందుకు పంపినవారి వంతు ఎంత, ఒక వార్త నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి, ఒక యాప్ అడిగే సమాచారం దానికెందుకు అన్నవి మంచి చర్చాంశాలు. పాఠశాల కూడా తనను తాను చూసుకోవాలి: విద్యార్థుల ఫొటోలను, మార్కుల జాబితాలను వారిని అడగకుండా సామాజిక మాధ్యమాల్లో పెట్టే పాఠశాల గోప్యత గురించి పాఠం చెప్పలేదు.

తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే?

చాలా అభ్యంతరాలు పాఠం ఏమిటో తెలియకపోవడం వల్ల వస్తాయి. పిలిచి, ఒక తరగతిలో కూర్చోబెట్టి చూపించడం కంటే మంచి జవాబు లేదు. బిడ్డకు మార్గదర్శనం చేసే తల్లిదండ్రుల హక్కును, కర్తవ్యాన్ని ఒడంబడికలోని 5వ అధికరణ గుర్తిస్తుందని, ఈ పాఠాలు కుటుంబానికి వ్యతిరేకం కావని చెప్పండి. ఒడంబడికను పెద్దలకూ పిల్లలకూ తెలియజేసే బాధ్యతను 42వ అధికరణ ప్రభుత్వాల మీద పెట్టింది కనుక, పాఠాన్ని పూర్తిగా మానేయమన్న కోరికకు మాత్రం లొంగనక్కరలేదు.

ఈ పాఠాలకు మార్కులు ఎలా ఇవ్వాలి?

తెలుసుకున్నదానికి, వాదనలోని తర్కానికి, ఆధారాలు సేకరించిన తీరుకు మార్కులు ఇవ్వవచ్చు. అభిప్రాయానికి ఇవ్వకూడదు, ఇస్తే విద్యార్థులు ఉపాధ్యాయులకు నచ్చే అభిప్రాయాన్ని ఇట్టే కనిపెట్టి అదే రాస్తారు. ప్రవర్తనకు మార్కులు ఇవ్వడం ఇంకా చిక్కు. దానికి బదులు, తరగతి నియమాలు ఎంతవరకు అమలవుతున్నాయో, ఫిర్యాదులకు జవాబులు వస్తున్నాయో లేదో, మాట్లాడడానికి ఎవరు జంకుతున్నారో ప్రతి పరీక్షా కాలం చివర విద్యార్థుల చేత పేర్లు లేని చీటీల మీద రాయించి, ఆ ఫలితాలను సిబ్బంది సమావేశంలో చదవాలి. అక్కడ మార్కులు పడేది పాఠశాలకు.